బంకు దగ్గరి పరీక్షలు ఇంకా కిరోసిన్ కాలంలోనే ఉన్నాయి

పెట్రోల్, డీజిల్ నాణ్యత గురించి మాట్లాడేటప్పుడు మన దగ్గర రెండు వేరు వేరు విషయాలు కలిసిపోతుంటాయి. శుద్ధి కర్మాగారం నుంచి బయటికి వచ్చే ఇంధనం ఎలా ఉండాలన్నది ఒకటి. అది ట్యాంకర్ ఎక్కి, బంకులోని భూగర్భ ట్యాంకులోకి దిగి, నాజిల్ గుండా మన బండిలో పడేసరికి ఎలా ఉందో ఎవరు తేల్చాలి, దేనితో తేల్చాలి అన్నది ఇంకొకటి. మొదటి విషయంలో గత పాతికేళ్లలో మన దేశం సాధించినది నిజంగా గొప్ప పని. రెండో విషయంలో మాత్రం కిరోసిన్ కల్తీని పట్టుకోవడానికి రూపొందించిన పరీక్షల దగ్గరే ఉండిపోయాం. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ దేశమంతటా అమ్ముతున్న ఈ రోజుల్లో ఆ నిబంధనలను సవరించక తప్పదని నా దృఢమైన అభిప్రాయం.

ముందు మంచి మాట చెప్పుకోవాలి. 2000 ఫిబ్రవరి నుంచి దేశంలో సీసం కలిపిన పెట్రోల్ అమ్మకం ఆగిపోయింది. డీజిల్‌లో గంధకం పరిమితి ఆ ఏడాది 2500 పీపీఎం (పది లక్షల భాగాల్లో 2500 భాగాలు) ఉండేది. భారత్ స్టేజ్ అనే వాహన కాలుష్య ప్రమాణాల రెండు, మూడు, నాలుగు దశల్లో అది 500కు, 350కి, 50కి దిగింది. 2010లో నాలుగో దశ మొదలైనప్పుడు దేశంలో 13 నగరాలకే ఆ ఇంధనం అందింది, వాటిలో హైదరాబాద్ ఒకటి. అంటే హైదరాబాద్‌లో కొన్న లారీ పొలిమేర దాటి జిల్లాల్లో డీజిల్ పోయించుకుంటే, ఇంజన్ ఒక దశది, ఇంధనం మరో దశది అయ్యేది. ఈ రెండు నాల్కల పద్ధతి 2017 ఏప్రిల్‌తో ముగిసింది. ఆపై ఐదో దశను పూర్తిగా వదిలేసి 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా ఒకేసారి ఆరో దశకు, అంటే 10 పీపీఎం గంధకానికి, చేరుకున్నాం. గంధకం ఎక్కువగా ఉంటే పొగను శుభ్రపరిచే ఉత్ప్రేరకాలు పాడైపోతాయి కాబట్టి, కొత్త బండ్ల కంటే ముందు కొత్త ఇంధనం రావాలి. ఆ వరుస తప్పకుండా, చమురు సంస్థలు వేల కోట్లు వెచ్చించి, చెప్పిన గడువుకే ఆ పని పూర్తి చేశాయి. ఒక ప్రభుత్వ నిబంధన కాగితం మీద నుంచి గాలిలోకి ఎలా చేరుతుందో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇక రెండో విషయం. బంకుల్లో అక్రమాలను అరికట్టడానికి కేంద్రం నిత్యావసర సరుకుల చట్టం కింద 2005లో ఒక ఉత్తర్వు తెచ్చింది. మోటార్ స్పిరిట్ (అంటే పెట్రోల్), హైస్పీడ్ డీజిల్ సరఫరా, పంపిణీల నియంత్రణకూ అక్రమాల నివారణకూ ఉద్దేశించిన ఆ ఉత్తర్వే నేటికీ ఆధారం. కల్తీ అంటే ఏమిటో, ఎవరు తనిఖీ చేయవచ్చో, నమూనా ఎలా తీయాలో, దాన్ని ఏ ప్రయోగశాలకు పంపాలో అందులో రాసి ఉంది. అది ఏ పరిస్థితుల్లో వచ్చిందో గుర్తు చేసుకుంటేనే దాని స్వభావం అర్థమవుతుంది. రేషన్ కిరోసిన్ ధరకూ డీజిల్ ధరకూ మధ్య ఉన్న పెద్ద తేడాయే అప్పటి కల్తీకి మూలం. 2005 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని లఖీంపూర్ ఖేరీలో ఇండియన్ ఆయిల్ యువ అధికారి మంజునాథ్ షణ్ముగం కల్తీ బంకును నిలదీసినందుకు హత్యకు గురయ్యాడు. ఆ తరువాత కూడా, 2011 జనవరిలో, మహారాష్ట్రలో మన్మాడ్ దగ్గర అదనపు కలెక్టర్ యశ్వంత్ సోనావణేను ఇంధన కల్తీ ముఠా సజీవంగా తగలబెట్టింది. ఆ ఇద్దరి పేర్లు తలుచుకోకుండా ఈ నిబంధనల గురించి రాయడం నాకు చేతకాదు.

కాబట్టి అప్పటి పరీక్షలన్నీ ఒకే శత్రువును దృష్టిలో పెట్టుకున్నవే. ఫిల్టర్ పేపర్ మీద నాజిల్ నుంచి ఒక చుక్క పెట్రోల్ వేస్తే రెండు నిమిషాల్లో ఆవిరైపోవాలి, మరక మిగలకూడదు. కిరోసిన్, డీజిల్ వంటి బరువైనవి కలిసి ఉంటే మరక మిగులుతుంది. రెండోది సాంద్రత పరీక్ష. గాజు జాడీలో పెట్రోల్ పోసి, హైడ్రోమీటర్, థర్మామీటర్ ముంచి, రెండు అంకెలనూ చూసి, గోడకు తగిలించిన పట్టికలో 15 డిగ్రీల వద్ద సాంద్రత ఎంతో వెతకాలి. ట్యాంకర్‌తో వచ్చిన చలానాలో రాసిన సాంద్రతకూ దీనికీ మధ్య ఘనపు మీటరుకు మూడు కిలోల కంటే ఎక్కువ తేడా ఉండకూడదు. ఈ రెండు పరీక్షలనూ వినియోగదారుడు బంకులో అడిగి చేయించుకోవచ్చు. కొలత మీద అనుమానం ఉంటే అయిదు లీటర్ల ముద్ర వేసిన కొలపాత్ర తెమ్మనవచ్చు. ఆ రోజులకు ఇవి సరిపోయిన పరీక్షలే.

ఇప్పుడు శత్రువు మారింది. రేషన్ కిరోసిన్ అనేక రాష్ట్రాల్లో దాదాపు కనుమరుగైంది. అదే సమయంలో పెట్రోల్ స్వభావమే మారిపోయింది. అయిదు శాతం ఇథనాల్ కలపడం 2003లో మొదలైంది, తొలి జాబితాలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. పది శాతం లక్ష్యాన్ని 2022లో అందుకున్నాం. ఇరవై శాతం లక్ష్యం మొదట 2030కి పెట్టుకున్నది, దాన్ని 2025-26కు ముందుకు జరిపారు. 2023 ఫిబ్రవరిలో బెంగళూరులో ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్, అమ్మకాలు ప్రారంభమయ్యాయి. రెండున్నరేళ్లు తిరగకుండానే అదే మామూలు పెట్రోల్ అయిపోయింది. దిగుమతి చేసుకునే ముడిచమురు మీద ఇంతగా ఆధారపడిన దేశం చెరకు నుంచీ మొక్కజొన్న నుంచీ ఇంధనం తీయడాన్ని నేను తప్పు పట్టను. ఇథనాల్‌కు ఆక్టేన్ విలువ, అంటే ఇంజన్‌లో ముందే అంటుకుపోకుండా తట్టుకునే గుణం, ఎక్కువ, ఇంజన్ దానికి తగినట్లు తయారై ఉంటే మంచి ఇంధనమే. అయితే దానికి నీటితో ఉన్న స్నేహం పెట్రోల్‌కు లేదు, ఈ ఒక్క గుణం బంకు నిర్వహణ మొత్తాన్నీ మార్చేస్తుంది.

పాత పెట్రోల్ ట్యాంకులోకి కాస్త నీరు చేరితే అది అడుగున విడిగా ఉండిపోయేది. డిప్ రాడ్‌కు పేస్టు పూసి ముంచితే రంగు మారి ఎంత ఎత్తున నీరుందో తెలిసేది. ఇథనాల్ కలిసిన పెట్రోల్ కొంతవరకు నీటిని తనలో కలుపుకుంటుంది, ఆ హద్దు దాటిందంటే ఒక్కసారిగా విడిపోతుంది. విడిపోయినప్పుడు ఇథనాల్‌లో ఎక్కువ భాగం నీటి పక్షానే వెళ్తుంది. పైన మిగిలేది ఆక్టేన్ తగ్గిన పెట్రోల్, కింద చేరేది ఇథనాల్, నీటి మిశ్రమం. పంపు పీల్చేది ట్యాంకు అడుగుకు దగ్గరగా కాబట్టి ముందుగా బండ్లలో పడేది ఆ కింది పొరే. వానాకాలంలో మూత సరిగా బిగించని భూగర్భ ట్యాంకు చాలు, కల్తీ చేసే ఉద్దేశం ఎవరికీ లేకపోయినా సరే.

ఒక వానాకాలంలో మా స్కూటర్ బంకు దాటి కిలోమీటరు కూడా పోకుండానే ఆగిపోయినప్పుడు మెకానిక్ ట్యాంకు విప్పి, ఖాళీ మంచినీళ్ల సీసాలోకి వంచాడు. రెండు నిమిషాల్లో సీసాలో గీత గీసినట్లు రెండు పొరలు ఏర్పడ్డాయి. పైది లేత పసుపు, కిందిది కాస్త మసకగా, బియ్యం కడిగిన నీళ్లలా ఉంది. అదే సీసాతో బంకుకు తిరిగి వెళ్తే అక్కడివారు మర్యాదగానే ఫిల్టర్ పేపర్ ఇచ్చారు. చుక్క ఆరిపోయింది, మరక లేదు. పరీక్షలో నెగ్గినట్లే లెక్క. ఆ పరీక్ష నీటి కోసం తయారైనది కానే కాదని వాళ్లకు చెప్పాను, వాళ్లకూ తెలుసు. కానీ అంతకు మించి చూపించమని వారిని శాసించే నిబంధన వారి దగ్గరా లేదు, నా దగ్గరా లేదు.

సాంద్రత పరీక్ష పరిస్థితీ అంతే. ప్రమాణం ప్రకారం పెట్రోల్ సాంద్రత ఘనపు మీటరుకు 720 నుంచి 775 కిలోల మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. ఇథనాల్ దీనికంటే కాస్తే బరువు. అందువల్ల జాడీలోని అంకెను చూసి ఇథనాల్ పన్నెండు శాతం ఉందా, ఇరవై ఉందా, ఇరవై అయిదు ఉందా అన్నది ఎవరూ చెప్పలేరు. చలానాతో పోలిక కుదిరిందా లేదా అన్నది మాత్రమే తెలుస్తుంది. ఇథనాల్ శాతం తేల్చడం నిజానికి కష్టమైన పనేమీ కాదు. రసాయన శాస్త్రం బోధించిన కాలంలో విద్యార్థుల చేత ఇది చేయించేదాన్ని: బిరడా ఉన్న కొలజాడీలో 50 మిల్లీలీటర్ల పెట్రోల్, 50 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, బాగా కుదిపి, కాసేపు నిలకడగా ఉంచాలి. ఇథనాల్ పెట్రోల్‌ను విడిచి నీటిలోకి దిగిపోతుంది, కింది పొర 50 గీత దాటి పైకి వస్తుంది. సుమారు అరవై దగ్గర ఆగితే పెట్రోల్‌లో ఇరవై శాతం దాకా ఇథనాల్ ఉన్నట్లు. నిప్పుకు దూరంగా, ఆరుబయట చేయవలసిన పరీక్షే గానీ, హైడ్రోమీటర్ పట్టిక చదవడం కంటే సులభం. అయినా బంకులో వినియోగదారుడు అడిగి చేయించుకోగల పరీక్షల్లో దీనికి స్థానం లేదు.

శాతం తెలియడం ఎందుకంత ముఖ్యమంటే, బండ్లన్నీ ఒక్కటి కావు. ఇథనాల్‌లో లీటరుకు ఉండే శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ. ఇథనాల్ లేని పెట్రోల్‌కు రూపొందించి పది శాతానికి సర్దిన కార్లలో ఈ20తో మైలేజీ ఆరేడు శాతం, ద్విచక్ర వాహనాల్లో మూడు నాలుగు శాతం తగ్గుతుందని 2021లో నీతి ఆయోగ్ ఇచ్చిన నివేదికలోనే అంచనా వేశారు. పాత బండ్లలో రబ్బరు గొట్టాలు, సీళ్ల మన్నిక ఇంకో ప్రశ్న. బండి ఎంత శాతం ఇథనాల్‌కు అనువైనదో తయారీదారు స్టిక్కర్ అంటించాలని కేంద్రం నిబంధన పెట్టింది, సంతోషం. కానీ బండి మీద అంకె ఉండి నాజిల్ మీద అంకె లేకపోతే ఆ స్టిక్కర్ చదివి ఏం చేయాలి? ఈ20తో పాటు ఇథనాల్ లేని పెట్రోల్ కూడా అందుబాటులో ఉంచాలనీ, బంకుల్లో శాతం స్పష్టంగా రాయాలనీ కోరిన వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న కొట్టివేసింది. రెండు రకాల పెట్రోల్ అమ్మడం ఖర్చుతో కూడిన విధాన నిర్ణయం, దాని మీద వాదోపవాదాలు ఉంటాయి. నాజిల్ పక్కన ఒక అంకె రాయడానికి మాత్రం ఏ ఖర్చు ఉందో నాకు అర్థం కాదు.

అమెరికాలో ఉన్న మన వాళ్లు ఈ15 అమ్మే పంపు మీద నారింజ రంగు స్టిక్కర్ చూసే ఉంటారు; 2001, ఆ తరువాతి మోడల్ కార్లకే వాడాలని, పడవలకూ గడ్డి కోసే యంత్రాలకూ వాడకూడదని దాని మీద రాసి ఉంటుంది. యూరప్‌లో 2018 నుంచి ఈ5, ఈ10 గుర్తులు పంపు మీదా, కొత్త కార్ల ట్యాంకు మూత దగ్గరా ఒకే ఆకారంలో కనిపిస్తాయి. అమెరికాలో ఇంధన నాణ్యత తనిఖీ చాలావరకు రాష్ట్రాల పని. ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ రాసే ఇంధన ప్రమాణానికి కొత్త కూర్పు వచ్చినప్పుడల్లా దానంతట అదే అమల్లోకి వచ్చేలా కొన్ని రాష్ట్రాలు నిబంధన రాసుకున్నాయి, మిగిలినవి ప్రతిసారీ సవరించుకుంటాయి. రెండో పద్ధతిలో ఆలస్యం ఉంది, కానీ మారిన ఇంధనానికి తగినట్లు తనిఖీ కూడా మారిందా అని ఎవరో ఒకరు కూర్చొని ఆలోచించక తప్పని అవకాశమూ ఉంది. మన దగ్గర ప్రమాణం ఢిల్లీలో మారుతుంది, తనిఖీ మాత్రం జిల్లా పౌరసరఫరాల అధికారి చేతిలోని పాత పెట్టెతోనే జరుగుతుంది.

ప్రమాణాలను మార్చే అధికారం రాష్ట్రాలకు లేదు, ఉండనవసరం కూడా లేదు. కానీ తనిఖీ చేసే సిబ్బంది రాష్ట్రాలదే. కొలతల మీద అధికారం తూనికలు, కొలతల శాఖది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1980లోనే పెట్రోలియం ఉత్పత్తుల లైసెన్సులకు, సరఫరా నియంత్రణకు సొంత ఉత్తర్వు తెచ్చుకుంది. కాబట్టి కేంద్ర ఉత్తర్వులో నీటి పరీక్షనూ ఇథనాల్ శాతం పరీక్షనూ వినియోగదారుడి హక్కుగా చేర్చమని రెండు తెలుగు రాష్ట్రాలూ గట్టిగా అడగాలి, అది వచ్చేదాకా ఆగకుండా తమ తనిఖీ అధికారులకు బిరడా ఉన్న కొలజాడీ, ఇథనాల్ మిశ్రమాలకు పనికొచ్చే నీటి పేస్టు ఇవ్వాలి. జూన్ నుంచి అక్టోబరు దాకా బంకు రోజూ ఉదయం ట్యాంకులో నీటి మట్టం చూసి రిజిస్టర్‌లో రాసిన అంకెను సాంద్రత రాసే బోర్డు మీదే వినియోగదారులకు కనిపించేలా రాయించాలి. ఫిర్యాదు మీద తీసిన నమూనా ప్రయోగశాలకు వెళ్లాక ఫలితం నేడు అధికారికీ, చమురు సంస్థకూ, డీలరుకూ అందుతుంది. ఫిర్యాదు చేసిన మనిషికి కూడా ఆ నివేదిక నకలు ఒక గడువులోగా పంపాలన్న వాక్యం సవరణలో తప్పకుండా ఉండాలి.