పేగులోని బ్యాక్టీరియాకు మనం ఏమి పెడుతున్నాం?

గత సంవత్సరం చిగుళ్లకు చీము పట్టడంతో నేను వారం రోజులు యాంటీబయాటిక్ మాత్రలు వేసుకోవలసి వచ్చింది. నొప్పి, వాపు నాలుగో రోజుకే తగ్గిపోయాయి గాని, మాత్రలు ఆపేసిన తరువాత కూడా నెల రోజుల పాటు కడుపు ఒక దారికి రాలేదు. ఏ ప్రోబయాటిక్ (మేలుచేసే బ్యాక్టీరియా ఉండే) క్యాప్సూల్ వేసుకుంటే మంచిదని వైద్యురాలిని అడిగితే, ఆమె దానికి జవాబు చెప్పకుండా, రోజూ నేను ఏమేమి తింటున్నానో పూసగుచ్చినట్టు చెప్పమన్నారు. నేను చెప్పిన దానిలో పొట్టు తీసేసిన ధాన్యం, బిస్కెట్లు, టీ తప్ప ఇంకేమీ పెద్దగా లేవు. "ఇందులో మీ పేగులోని బ్యాక్టీరియాకు తిండి ఎక్కడుంది?" అని ఆమె అన్న మాట నాకు మనసులో నాటుకుపోయింది. పేగులోని బ్యాక్టీరియా గురించి అప్పటినుంచి నేను చదివినదంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతూ వచ్చింది.

మన ఒంట్లో మన కణాల కన్నా బ్యాక్టీరియా పది రెట్లు ఎక్కువని చాలాకాలం పుస్తకాలు రాశాయి. 2016లో శాస్త్రవేత్తలు ఆ లెక్కను మళ్లీ మొదటినుంచి వేసి, 70 కిలోల బరువున్న మనిషిలో బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు ఉంటుందని, మన సొంత కణాలు సుమారు 30 లక్షల కోట్లని తేల్చారు. అంటే ఇంచుమించు సమానమే. వాటన్నిటి బరువు కలిపితే 200 గ్రాములు; అందులో అత్యధిక భాగం ఉండేది పెద్దపేగులో.

అవి పెద్దపేగులోనే ఎందుకు చేరాయంటే, మనం అరిగించుకోలేనిదంతా అక్కడికే చేరుతుంది కనుక. పిండి పదార్థాలు, మాంసకృత్తులు, కొవ్వులు చాలావరకు చిన్నపేగులోనే అరిగి రక్తంలోకి వెళ్లిపోతాయి. గింజల పొట్టు, ఆకుల నార, పప్పుల్లోని కొన్ని రకాల చక్కెరలు మాత్రం విడగొట్టే ఎంజైములు మన దగ్గర లేక అలాగే కిందికి దిగుతాయి. సంక్లిష్టమైన పిండి పదార్థాలను విడగొట్టడానికి మనిషి జన్యువులు తయారుచేసే ఎంజైములు ఇరవైకి మించవు; పేగులో సాధారణంగా కనిపించే బ్యాక్టిరాయిడిస్ థీటాయోటావోమైక్రాన్ అనే ఒక్క బ్యాక్టీరియా దగ్గరే అటువంటివి రెండు వందలకు పైగా ఉన్నాయి. మనం పీచు అని ఒక్క మాటలో తేల్చేసేది వాటికి నిండు భోజనం.

ఆ పీచును పులియబెట్టి అవి మనకు తిరిగి ఇచ్చేవి ఎసిటేట్, ప్రొపియోనేట్, బ్యుటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలు. పెద్దపేగు గోడలోని కణాలు తమకు కావలసిన శక్తిలో అధిక భాగాన్ని రక్తంలోని గ్లూకోజు నుంచి కాక ఈ బ్యుటిరేట్ నుంచే తీసుకుంటాయి. దానిని మండించడానికి అవి ఆక్సిజన్‌ను విరివిగా వాడుకోవడం వల్ల, పేగు లోపలికి ఆక్సిజన్ చేరదు. ఆక్సిజన్ ఉంటే బతకలేని మేలుచేసే జాతులు అలా నిలదొక్కుకుంటాయి. ఆక్సిజన్ దొరికితే విజృంభించే హానికర జాతులు అణిగి ఉంటాయి. బ్యుటిరేట్ తగ్గిపోతే ఈ అమరిక కూడా సడలుతుంది. బ్యుటిరేట్‌కు రోగనిరోధక వ్యవస్థను అదుపులో ఉంచే కణాలను పెంచే గుణం కూడా ఉందని జంతువుల మీద చేసిన ప్రయోగాలు చూపాయి.

ఇక పీచు పెట్టకపోతే ఏమవుతుందన్నది నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టిన విషయం. పెద్దపేగు గోడ మీద రెండు వరసల జిగురు పొర ఉంటుంది. పై వరస వదులుగా ఉండి బ్యాక్టీరియాకు చోటిస్తుంది. గోడను అంటిపెట్టుకొని ఉండే లోపలి వరస చిక్కగా ఉండి, వాటిని దాదాపుగా లోనికి రానివ్వదు. ఆ జిగురులో ఉన్నవి కూడా చక్కెరల గొలుసులే. 2016లో ఒక పరిశోధక బృందం, మనుషుల పేగుల్లో ఉండే 14 జాతుల బ్యాక్టీరియాను మాత్రమే ఎలుకల్లో ప్రవేశపెట్టి, కొన్నిటికి పీచుతో కూడిన మేత, కొన్నిటికి పీచు లేని మేత పెట్టింది. పీచు అందని ఎలుకల్లో, జిగురును తినగల జాతులు పెరిగిపోయి ఆ పొరనే తినడం మొదలుపెట్టాయి. పొర పలచబడింది, ఆ తరువాత పేగు వ్యాధిని కలిగించే సూక్ష్మజీవి సోకినప్పుడు ఆ ఎలుకలు తీవ్రంగా జబ్బుపడ్డాయి. బయటినుంచి కొత్త శత్రువు వచ్చి ఆ పొరను పాడుచేయలేదు. రెండు గుంపుల్లోనూ ఉన్నవి ఆ పద్నాలుగు జాతులే. అందుకే మంచి బ్యాక్టీరియా, చెడ్డ బ్యాక్టీరియా అని ముద్ర వేసి విడదీయడం నాకు సబబుగా తోచదు. ఫలానా జాతి మనకు ఏమవుతుందన్నది మనం దానికి పెట్టే తిండిని బట్టి మారుతున్నది.

ఇదే సంగతిని 2013లో వచ్చిన మరొక ప్రయోగం వేరే దిక్కునుంచి చూపింది. కవలల్లో ఒకరు సన్నగా, ఇంకొకరు లావుగా ఉన్న జంటలను ఎంచుకొని, వారి పేగుల్లోని బ్యాక్టీరియాను సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకల్లో పెట్టారు. లావుగా ఉన్నవారి బ్యాక్టీరియా అందుకున్న ఎలుకలకు కొవ్వు ఎక్కువ పట్టింది. రెండు రకాల ఎలుకలను ఒకే బోనులో ఉంచితే, సన్నవారి బ్యాక్టీరియా రెండో రకం ఎలుకల్లోకి పాకి, వాటికి కొవ్వు పట్టకుండా కాపాడింది. అయితే ఇది కొవ్వు తక్కువగా, పీచు ఎక్కువగా ఉన్న మేత పెట్టినప్పుడే జరిగింది. కొవ్వు ఎక్కువై, పండ్లు, కూరగాయలు తక్కువైన మేత పెడితే ఆ మేలు జరగలేదు. చోటు దొరికినా, తినడానికి ఏమీ లేకపోతే అవి అక్కడ నిలవలేవు కదా.

ఎలుకల్లో తేలినదంతా మనుషులకు వర్తించదన్న మాట నిజమే. అయితే 2015లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 20 మంది ఆఫ్రికన్ అమెరికన్లు, 20 మంది దక్షిణాఫ్రికా గ్రామీణులు రెండు వారాల పాటు తమ ఆహారాలను ఒకరితో ఒకరు మార్చుకున్నారు. పీచు పెరిగి, కొవ్వు తగ్గిన అమెరికన్లలో బ్యుటిరేట్ తయారీ దాదాపు 2.5 రెట్లు పెరిగింది, పెద్దపేగు క్యాన్సర్ ముప్పును సూచించే లక్షణాలు తగ్గాయి. గ్రామీణుల్లో సరిగ్గా దీనికి ఎదురుగా జరిగింది. పట్టిన కాలం రెండు వారాలే.

మాంసం విషయంలోనూ ఇటువంటి జోడింపే కనిపిస్తుంది. అందులోని కార్నిటిన్‌ను కొన్ని పేగు బ్యాక్టీరియాలు ఒక వాయువుగా మారిస్తే, కాలేయం దానిని టీఎంఏఓ అనే పదార్థంగా మారుస్తుంది. రక్తంలో అది ఎక్కువగా ఉన్నవారిలో గుండె జబ్బులు కూడా ఎక్కువగా కనిపించాయి. కాని చాలాకాలంగా మాంసం ముట్టనివారికి కార్నిటిన్ ఇచ్చి చూస్తే, వారిలో ఆ పదార్థం చాలా తక్కువగానే తయారైంది.

తల్లిపాలలో లాక్టోజు, కొవ్వు తరువాత అత్యధికంగా ఉండే ఘనపదార్థం ఒక రకం చక్కెరల గొలుసులు, వాటిని పసిబిడ్డ అరిగించుకోలేదు. ఆ గొలుసులను ముఖ్యంగా తినేవి బిడ్డ పేగులోని బిఫిడోబ్యాక్టీరియాలు. బిడ్డతో పాటు బిడ్డలోని బ్యాక్టీరియాకు కూడా పాలు పట్టే ఈ ఏర్పాటును గురించి మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఈ ఆలోచననే ఆధారంగా చేసుకొని బంగ్లాదేశ్‌లో పోషకాహార లోపమున్న పిల్లలకు, వారి పేగు బ్యాక్టీరియాను దృష్టిలో పెట్టుకొని శనగపిండి, వేరుశనగ, సోయా, పచ్చి అరటికాయలతో ఒక ఆహారాన్ని తయారుచేసి పెట్టారు. 2021లో వెలువడిన ఫలితాల ప్రకారం, అప్పటికే వాడుకలో ఉన్న పోషకాహారం కన్నా తక్కువ కేలరీలే ఉన్నా, ఆ పిల్లల బరువు మరింత వేగంగా పెరిగింది.

నేను కొనబోయిన క్యాప్సూళ్ల సంగతి కూడా చెప్పాలి. యాంటీబయాటిక్‌ల తరువాత ప్రోబయాటిక్‌లు తీసుకున్న ఆరోగ్యవంతుల్లో, వారి సొంత బ్యాక్టీరియా తిరిగి స్థిరపడడం ఆలస్యమైందని 2018లో ఒక చిన్న అధ్యయనం చూపింది. కొన్ని జబ్బుల్లో వైద్యులు వాటిని కావాలనే ఇస్తారు, అది వేరే సంగతి.

పదేళ్లు దాటినవారు రోజుకు కనీసం 25 గ్రాముల పీచును ఆహారం నుంచే పొందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. నేను ఆ మాట విని ఒక్కసారిగా పప్పులు, పొట్టు తీయని ధాన్యం రెట్టింపు చేసి, వారం రోజులు కడుపు ఉబ్బరంతో అవస్థపడ్డాను. పీచును పులియబెట్టే జాతులు పెరగడానికి సమయం కావాలని, కొద్దికొద్దిగా పెంచుతూ నీళ్లు బాగా తాగాలని, పేగుల్లో పుండ్లు గాని వాపు గాని ఉన్నవారు ముందుగా అడిగి తెలుసుకోవాలని వైద్యురాలు చెప్పారు. పూటకు రెండు చెంచాల ఉడికించిన గింజలతో మళ్లీ మొదలుపెట్టాను. మూడో వారానికి ఉబ్బరం తగ్గింది, ఆరో వారానికి గిన్నెడు తిన్నా కడుపు తేలికగానే ఉంది.