లాంతరు అయ్యవారు

పోయిన ఏడాది మన పూర్వ విద్యార్థుల సమావేశంలో మైకు అందుకున్న ప్రతివాడూ ఒకే మాట చెప్పాడు: సారా వ్యతిరేక ఉద్యమానికి నిప్పు రాజేసింది మన కళాశాల కుర్రాళ్లేనట. చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. ఇంటికి వచ్చాక సిగ్గేసింది. ఆ కుర్రాళ్లలో నేనూ ఒకణ్ణి మరి! సంచికకు ఏదైనా రాయమన్నారు కాబట్టి మేం నిజంగా ఏం చేశామో రాస్తున్నాను.

నేను బీఎస్సీ రెండో ఏడాదిలో ఉండగా, 1991 జనవరిలో, నెల్లూరు జిల్లాలో పెద్దలకు చదువు నేర్పే అక్షరదీపం తరగతులు మొదలయ్యాయి. అంతకు ముందు ఏడాది కేరళలోని ఎర్నాకుళం దేశంలోనే తొలి సంపూర్ణ అక్షరాస్యత జిల్లా అనిపించుకుంది. ఆ బాట పట్టిన జిల్లాల్లో మనదీ ఒకటి. ఊరూరా రాత్రి బడులు. చదువు చెప్పేవాళ్లకు జీతం లేదు. మన కళాశాల ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) విభాగానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక ఊరి కాలనీని అప్పగించారు.

ఎన్‌ఎస్‌ఎస్‌లో నేను చేరింది సేవ మీద మోజుతో కాదు. రెండేళ్లలో 240 గంటలు పని చేస్తే సర్టిఫికెట్టు ఇస్తారనీ, పీజీ సీటుకు అది అక్కరకు వస్తుందనీ సీనియర్లు చెప్పారు. చొక్కాకు పెట్టుకునే బ్యాడ్జి మీద కోణార్క రథచక్రం, దానికి ఎనిమిది ఆకులు ఉంటాయి. ఎనిమిది జాములూ సేవకు సిద్ధం అని దాని అర్థం. మేం సిద్ధంగా ఉన్నది ఒక్క జాము, అదీ టీవీలో క్రికెట్టు లేని రోజు.

కెమిస్ట్రీ మాస్టారు మా ప్రోగ్రాం ఆఫీసరు. ఆయన లేబొరేటరీ అటెండరుకు ఈ పథకంతో ఏ సంబంధమూ లేదు. స్టోరులోని ఆరు లాంతర్లను సైకిలుకు కట్టుకుని వెళ్లి కాలనీలో దింపి రమ్మని ఒక సాయంత్రం పురమాయించారు, అంతే. అటెండరు దింపాడు కానీ తిరిగి రాలేదు. "లాంతర్లకు లెక్క చెప్పాల్సింది నేను, వదిలేసి ఎలా పోతాను బాబూ" అని రామాలయం అరుగు చివర కూర్చున్నాడు. మర్నాడూ అదే మాట, ఆ మర్నాడూ అదే. ఆయన చదివింది ఐదో తరగతి.

ఆడవాళ్లు వంటలు ముగించి, గిన్నెలు కడుక్కుని, పిల్లలను చంకనేసుకుని ఎనిమిదిన్నరకు వచ్చేవారు. పందొమ్మిదేళ్ల నన్ను "అయ్యవారూ" అని పిలిస్తే మొదటి రోజు వెనక్కి తిరిగి చూశాను, మాస్టారు వచ్చారేమోనని. మూడు వాచకాలు, మొత్తం మీద 200 గంటల చదువు. అఆలతో మొదలుపెట్టవద్దని, వాళ్లకు తెలిసిన మాటలతో మొదలుపెట్టి అందులోంచి అక్షరాలు విడదీయమని మాకు శిక్షణలో చెప్పారు. పద్ధతి మంచిదే. కానీ పలక దగ్గరే ఆగిపోయాం. పగలంతా కలుపు తీసిన చేతులు అవి. కొడవలి పిడి పట్టుకున్నట్టు బలపం పట్టేవారు. పుటుక్కున విరిగేది. ఒక్క రాత్రిలో డబ్బా బలపాలు ముక్కలైతే, "మా చేతులు ఇందుకు పనికిరావులే అయ్యా" అని ఇద్దరు లేచి వెళ్లిపోయారు.

అటెండరు ఎవరినీ ఏమీ అడగలేదు. పక్క ఇంట్లోంచి చిప్పెడు ముగ్గుపిండి తెచ్చి, లాంతరు వెలుగులో నేల మీద నాలుగు చుక్కలు పెట్టాడు. "దీని చుట్టూ ఒక మెలిక వేయమ్మా" అన్నాడు. ఆమె వేసింది. రెండు వేళ్ల మధ్య నుంచి పిండి సన్నగా, ఎక్కడా తెగకుండా జారింది. 'ల' వచ్చింది. ఇంకో మెలికకు 'అ' వచ్చింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ మెలికల ముగ్గులు వేస్తున్న చేతికి తెలుగు అక్షరం ఒక లెక్కా! ఒక్కో అక్షరం పళ్లెం అంత ఉండేది, అది వేరే సంగతి. పలక మీదికి కుదించడానికి ఇంకో నెల పట్టింది.

ఒక ఆదివారం పొద్దున్నే వెళితే ఒక వాకిట్లో ముగ్గుకు నడుమ ఆ ఇల్లాలి పేరు ఉంది. మకారానికి ఒత్తు పడలేదు. దిద్దుదామని వంగాను. మాస్టారు నా భుజం పట్టుకుని వెనక్కి లాగారు.

మార్చి వచ్చింది. వాళ్లకు కోతలు, మాకు పరీక్షలు. మేం మాయమైపోయాం, రిజిస్టరులో మాత్రం కాలేదు. నా 240 గంటల్లో వంద దాకా అలా కూర్చున్నవే. కిరసనాయిలు ఖర్చు మాస్టారు తన జేబులోంచి పెట్టుకుంటే, అటెండరు రోజూ సైకిలు తొక్కాడు. ఏడాది చివర లెక్క చూస్తే ఒక లాంతరు తక్కువ వచ్చింది. దాని ఖరీదు ఆయనే కట్టుకున్నాడు. సర్టిఫికెట్లు మాకు వచ్చాయి.

ఇక సారా సంగతి. మంచినీళ్లకు బిందె పట్టుకుని మైలు నడవాల్సిన కాలనీకి సారా పొట్లాలు మాత్రం గుమ్మం ముందుకే వచ్చేవి. ఒక రాత్రి ఒకడు తూలుతూ వచ్చి, భార్యను పేరు పెట్టి తిడుతూ లాంతరును తన్నాడు. మేం నలుగురు కుర్రాళ్లం లేచాం, లేచి గోడకు ఆనుకున్నాం. అటెండరు లాంతరు నిలబెట్టి, కండువాతో చిమ్నీ తుడిచాడు. ఆ ఇల్లాలు మొగుణ్ణి రెక్క పట్టుకుని నడిపించుకుపోయింది. మూడు రోజుల తర్వాత మళ్లీ వచ్చి తన చోట్లో కూర్చుంది. పాఠంలో సారా ఊసు వస్తే మాస్టారు గొంతు తగ్గించేవారు, ఆడవాళ్లు పెంచేవారు.

మన జిల్లాలోని దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించడం, ఆ కథ పాఠంగా అచ్చయి జిల్లా అంతా చదవడం, 1992లో ఆడవాళ్లు సారా వేలం పాటలకు అడ్డు నిలవడం, ఈనాడు పత్రిక దానికి ప్రత్యేకంగా పేజీ కేటాయించడం, చివరికి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం రావడం అందరికీ తెలిసిందే. అప్పటికి నేను తిరుపతిలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. కాలనీ ఆడవాళ్లు కూడా లారీ ఎక్కి నెల్లూరు వెళ్లారని మాస్టారు ఉత్తరం రాశారు. ఆ లారీలో మన కళాశాల వాళ్లు ఒక్కరూ లేరు. మైకు ముందు నిలబడేవాళ్లు ఈ ముక్క కూడా చెబితే బాగుండేది.

రెండేళ్ల కిందట ఆ దారిన పోతూ కాలనీలో ఆగాను. వాకిట్లో పేరు రాసుకున్న ఆమె ఇప్పుడు మునిమనవణ్ణి ఆడిస్తోంది. నన్ను గుర్తు పట్టలేదు. కళాశాల పేరు, రాత్రి బడి సంగతి చెప్పాక అడిగింది: "లాంతరు అయ్యవారు బాగున్నారా?"

ఆమె అడుగుతున్నది ఎవరినో అర్థం కావడానికి నాకు క్షణం పట్టింది. ఆయన పోయి మూడేళ్లయిందని చెప్పాను. ఏమీ అనకుండా లోపలికి వెళ్లింది. అటక మీద ఏదో లాగిన చప్పుడైంది. చిమ్నీ లేని, తుప్పు పట్టిన లాంతరు తెచ్చి నా చేతిలో పెట్టింది. అడుగున తెల్ల రంగుతో వేసిన మన స్టోరు నంబరు ఇంకా కనిపిస్తోంది.

"వర్షం రాత్రి ఇంటికి తీసుకుపొమ్మని ఆయనే ఇచ్చాడయ్యా. తర్వాత అడగలేదు, నేనూ ఇవ్వలేదు. లెక్కలో రాయించండి" అంది.

లాంతరు మా ఇంట్లో ఉంది. వచ్చే సమావేశానికి తెస్తాను. పాత స్టోరు రిజిస్టరు ఎవరి దగ్గరైనా ఉంటే కాస్త వెతికి పెట్టండి, జమ వేయించాలి.