చెక్క ఎండిందా అంటే, ఏ గాలిలో అని అడుగుతాను

నా పనిబల్ల మీద ఎప్పుడూ ఒక టేకు ముక్క ఉంటుంది. ఓవెన్‌లో 103 డిగ్రీల వేడిలో, బరువు ఇక తగ్గడం లేదు అనేదాకా ఎండబెట్టినప్పుడు అది 400 గ్రాములు తూగింది. పొడిగాలి రోజుల్లో 436 తూగుతుంది. అంటే 9 శాతం తేమ. ముసురు పట్టి వదలనప్పుడు 460 దాకా వెళ్తుంది. 15 శాతం! ఒక్క నీటి చుక్క తగలకుండానే, గాలిలోని ఆవిరితోనే అంత బరువెక్కుతుంది.

అందుకే ‘బాగా ఎండిన కలప’ అన్న మాట నాకు సగం మాటే. గాలిలో సాపేక్ష తేమ 50 శాతం ఉంటే చెక్క సుమారు 9 దగ్గర, 65 ఉంటే 12 దగ్గర, 80 ఉంటే 16 దగ్గర కుదురుకుంటుంది. గాలి మారితే మళ్లీ కదులుతుంది. పైగా అదే గాలిలో, తడి నుంచి ఆరుతూ వచ్చిన చెక్క, పొడి నుంచి పీల్చుకుంటూ వచ్చిన దానికంటే కాస్త ఎక్కువ తేమనే పట్టి ఉంచుతుంది. ఇది నాకు ఇప్పటికీ అబ్బురమే.

పచ్చి కలపలో ముందు కణాల బోలులో ఉన్న నీళ్లు పోతాయి. అప్పుడు కొలతేమీ మారదు. తేమ సుమారు 30 శాతం కంటే కిందికి దిగాక, కణాల గోడల్లోని నీరు పోవడం మొదలయ్యాకే చెక్క కుంచించుకుపోతుంది. అదీ అన్ని వైపులా సమానంగా కాదు. పొడవులో దాదాపు ఏమీ ఉండదు, అడ్డంలోనే అసలు కథ. వార్షిక వలయాల వెంబడి కోసిన 300 మిల్లీమీటర్ల టేకు పలక 9 నుంచి 15 శాతానికి వెళ్తే మూడు మిల్లీమీటర్లకు పైగా వెడల్పవుతుంది. ముసురులో సొరుగు పట్టేయడానికి ఆ మాత్రం చాలు.

పాలిష్ వేస్తే తేమ రాదనుకోవద్దు, ఆలస్యంగా వస్తుందంతే. ఒక్క పైముఖానికే పాలిష్ వేసి కింది ముఖం వదిలేస్తే, రెండు ముఖాలూ రెండు వేగాలతో తేమ పీల్చి పలక దొప్పలా వంగుతుంది. రెండు వైపులా ఒకేలా పూయండి. కోసిన కొసలను అసలు వదలొద్దు, తేమ అన్నిటికంటే వేగంగా పోయేదీ వచ్చేదీ అక్కడి నుంచే.

తలుపు చట్రంలో పలక బిగించేటప్పుడు గాడిలో జిగురు పెట్టకండి. పొడిరోజుల్లో బిగిస్తుంటే పక్కల ఖాళీ వదలండి, ముసురులో అయితే దగ్గరగా కూర్చోబెట్టినా పరవాలేదు.