మీరు చూశారా, విన్నారా?

నేను విజయవాడ కృష్ణలంకలో ఐదో తరగతికి పాఠాలు చెబుతాను. పోయిన ఏడాది దసరా సెలవులకు ముందు పిల్లలకు 'మన ఊరి బ్యారేజీ' అని ప్రాజెక్టు ఇచ్చాను. సెలవులయ్యాక ముప్పై నాలుగు చార్టులు వచ్చాయి. ఇరవైకి పైగా చార్టుల్లో ఒకటే పేరా, కామాలతో సహా. నెట్ సెంటర్‌లో ఒకసారి తీసిన ప్రింటే అందరికీ ఇచ్చారట. బొమ్మ కూడా ఒకటే. అది గోదావరి మీదున్న ధవళేశ్వరం ఆనకట్ట బొమ్మ. రోజూ తాడేపల్లి నుంచి ఆటోలో ప్రకాశం బ్యారేజీ దాటి బడికొచ్చే పిల్లాడు కూడా అదే అతికించాడు. మనసు చివుక్కుమంది. రోజూ కళ్లారా చూసేదాన్ని కూడా కాదనుకుని, ప్రింటులో వచ్చిందే నిజమనుకున్నాడు.

ఏది నమ్మాలో, ఎలా తెలుసుకోవాలో నేర్పాల్సింది ఈ వయసులోనే అని అప్పుడు గట్టిగా అనుకున్నాను. బోర్డు మీద ఐదు ప్రశ్నలు రాశాను. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎందుకు రాశారు, ఇలా. పిల్లలు నోట్సులో ఎక్కించుకున్నారు. మర్నాడు అడిగితే గడగడా అప్పజెప్పారు. చార్టు మళ్లీ చేయమంటే మాత్రం మళ్లీ నెట్ సెంటర్‌కే వెళ్లారు. పదేళ్ల పిల్లలకు ఐదు ప్రశ్నలంటే బట్టీ పట్టాల్సిన ఇంకో పాఠం, అంతే.

దారి చూపించింది ఒక వీడియో. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగిపోయినప్పుడు, బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు, మా అపార్ట్‌మెంట్ గ్రూపులో 'బ్యారేజీ తెగింది' అని ఒక వీడియో తిరిగింది. సింగ్ నగర్‌లో మా అక్క వాళ్లు డాబా మీద ఉన్నారు. ఆ రాత్రి నేను పడ్డ టెన్షన్ మాటల్లో చెప్పలేను. పడవలు కొట్టుకొచ్చి గేట్ల దగ్గర కౌంటర్ వెయిట్లు, అంటే గేట్లు ఎత్తడానికి సాయపడే బరువు దిమ్మెలు, దెబ్బతిన్న మాట నిజం. బ్యారేజీ తెగలేదు. ఆ వీడియో నా ఫోన్‌లో అలాగే ఉండిపోయింది. దాన్ని క్లాసులో చూపించి, ఇది మన బ్యారేజీయేనా అని మాత్రం అడిగాను. రెండోసారి చూస్తున్నప్పుడు వెనక బెంచీలోంచి ఒక పాప లేచి, "టీచర్, కొండేది?" అంది. నిజమే, ఆ వీడియోలో ఇంద్రకీలాద్రి లేదు. బ్యారేజీని ఇటు చివర చూస్తే కొండ కనపడాలి కదా. ఇక ఒక్కొక్కరూ మొదలుపెట్టారు. లారీ మీద రాసింది తెలుగు కాదు, గేట్లు మనవాటిలా లేవు. ఐదు ప్రశ్నలు చేయలేని పని ఆ పాప అడిగిన ఒక్క మాట చేసింది.

తర్వాతి వారం తేదీల దగ్గర పెద్ద గొడవే జరిగింది. కొందరు బ్యారేజీ 1855లో కట్టారని, కొందరు 1957లో కట్టారని తెచ్చారు. ఏది తప్పు టీచర్ అని అందరూ నా మొహం చూశారు. నేను చెప్పలేదు. చెప్పేస్తే అక్కడితో అయిపోతుంది. వాళ్లను మా దగ్గర్లో ఉన్న శాఖా గ్రంథాలయానికి తీసుకెళ్లాను. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914లో పుట్టింది ఈ ఊళ్లోనే. అయినా మా పిల్లల్లో చాలామంది లైబ్రరీ గడప తొక్కడం అదే మొదటిసారి. పుస్తకం తీయగానే లోపలి పేజీలో అచ్చయిన సంవత్సరం చూడమని లైబ్రేరియన్ గారు ఓపికగా చూపించారు. ఒక పాత పుస్తకంలో బ్యారేజీ మాటే లేదు, అంతటా 'ఆనకట్ట' అనే ఉంది. కాసేపటికి ఒక పిల్లాడు ఆ సంవత్సరం మీద వేలు పెట్టి, "ఇది బ్యారేజీ కన్నా ముందు పుస్తకం టీచర్, దీనికి బ్యారేజీ సంగతి తెలీదు" అన్నాడు. వాణ్ణి ఎత్తుకుని తిప్పాలనిపించింది.

రెండు తేదీలూ నిజమే. 1852లో మొదలుపెట్టి 1855లో పూర్తి చేసింది పాత ఆనకట్ట. అది 1952లో తెగింది. ఇప్పుడున్న బ్యారేజీ పనులు 1954లో మొదలై, 1957 డిసెంబర్‌లో రాకపోకలకు తెరిచారు. ప్రకాశం పంతులు గారే కట్టించారని రాసిన పాప మాట కూడా పూర్తిగా కొట్టేయలేదు. పనులు మొదలైనప్పుడు ఆంధ్ర రాష్ట్రానికి ముఖ్యమంత్రి ఆయనే. తెరిచేనాటికి మాత్రం ఆయన లేరు, 1957 మే నెలలోనే పోయారు. రెండు చోట్ల రెండు రకాలుగా ఉంటే ఒకటి అబద్ధమనే తీర్పుకు తొందరపడొద్దని, రెండూ ఒకే దాని గురించి చెబుతున్నాయా చూడమని అప్పుడు చెప్పాను. గూగుల్ చెప్పింది అనే పిల్లలకు గూగుల్ ఒక బీరువా అని చెప్పాను. బీరువా ఏమీ రాయదు, అందులో ఉన్న కాగితం ఎవరిదో చూడాలి.

అన్నిటికన్నా కష్టమైంది పెద్దవాళ్లను అడగడం. మన ఇళ్లలో తాతయ్య ఒక మాట చెబితే 'నీకెలా తెలుసు' అని అడిగే పిల్లను ఎవరూ మెచ్చుకోరు. ఒక అమ్మమ్మ గారు బడికొచ్చి, ఇదేం చదువమ్మా, మనవడు నన్నే నిలదీస్తున్నాడు అని బాధపడ్డారు. ఆవిడ బాధలో న్యాయముంది. అడగొచ్చు, అడిగే తీరు నేర్పలేదు, ఆ లోపం నాదే. ఆ రోజు నుంచి ప్రశ్న మార్చాం. "మీరు చూశారా తాతయ్యా, ఎవరైనా చెబితే విన్నారా?" అంతే. ఇలా అడిగితే పెద్దవాళ్లకు కోపం రావడం లేదు సరికదా, ఇంకా నాలుగు మాటలు ఎక్కువ చెబుతున్నారు. చార్టు మీద రెండు వరసలు గీశాం, 'చూసినవి', 'విన్నవి' అని.

మా క్లాసులో ఒక పాప వాళ్ల తాతగారు కాలువల మీద లస్కర్‌గా, అంటే నీళ్లూ గట్లూ చూసుకునే ఉద్యోగిగా, చేసి రిటైరయ్యారు. బందరు కాలువ, రైవస్ కాలువ, ఏలూరు కాలువ ఆయనకు కొట్టిన పిండి. ఆనకట్ట తెగడం ఆయన చూళ్లేదు. అప్పటికి ఆయనకు ఐదేళ్లు, వాళ్ల నాన్న చెప్పగా విన్నారు. బ్యారేజీ తెరిచిన కొత్తల్లో వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని అటు గట్టు దాకా నడిచింది మాత్రం బాగా గుర్తట. కొత్త గేట్లు మొదటిసారి ఎత్తడం కూడా చూశానని చెప్పారు. మనవరాలు అన్నీ చిన్న చిన్న చీటీల మీద గుండ్రటి అక్షరాలతో రాసుకొచ్చి, ఏ చీటీ ఏ వరసలోదో అడిగి మరీ అంటించింది.

పేరెంట్స్ మీటింగ్ రోజు ఆయన వచ్చారు. తెల్ల పంచె, జేబులో కళ్లజోడు. చార్టు ముందు చాలాసేపు నిలబడ్డారు. వేలితో ఒక్కో చీటీ కూడబలుక్కుంటూ చదివారు. గేట్లు ఎత్తిన చీటీ దగ్గర ఆగి మనవరాలిని పిలిచారు.

"ఇది అటు వరసలో పెట్టమ్మా. అది మా నాన్న చూశాడు, నేను కాదు. ఇన్నేళ్లూ చెప్పీ చెప్పీ నేనే చూసినట్టు అయిపోయింది."

పాప నా వైపు చూసింది. నేను తలూపాను. చీటీ చిరగకుండా గోటితో మెల్లగా లేపి, వెనక ఫెవికాల్ రాసి, 'విన్నవి' వరసలో అంటించింది. అది ఆరేదాకా తాతగారు అరచేత్తో అదిమి పట్టుకున్నారు.