శబ్దం లేని టాంగో

ఆదివారం, రాత్రి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ హాల్లోనే నడుం వాల్చింది. ఆమె నిద్ర చెడగొట్టడం ఇష్టం లేక, ఐస్ డ్యాన్స్‌లో, అంటే స్కేట్లు కట్టుకుని మంచు మీద జంటగా చేసే నృత్యంలో, పేరు మోసిన సోవియట్ జంట ల్యూద్మిలా పఖోమోవా, అలెగ్జాండర్ గోర్ష్కోవ్‌ల పాత టాంగో వీడియోను శబ్దం పూర్తిగా తీసేసి చూశాను. ఇదివరకు ఎన్నిసార్లు చూసినా నా కళ్లు పఖోమోవా ముఖాన్ని విడిచేవి కావు. ఈరోజు సంగీతం లేకపోయేసరికి చూపు కిందికి, స్కేట్ల బ్లేడ్ల దగ్గరికి జారింది.

అక్కడ కనిపించినవాడు గోర్ష్కోవ్. బ్లేడు మందం సుమారు 4 మిల్లీమీటర్లే అయినా అడుగున సన్నని గాడి, దానికి ఇరువైపులా రెండు అంచులు ఉంటాయి; ఏ అంచు మీదికి ఒరిగితే మంచు మీద ఆ వైపుకు వంపు పుడుతుంది. ఐస్ డ్యాన్స్ ప్రాణమంతా ఈ ఒరుగులోనే ఉంది. జంటల స్కేటింగులో లాగా తల మీదికి ఎత్తడాలు, గాలిలోకి విసరడాలు ఇక్కడ లేవు గనుక పాదాల తప్పును కప్పిపుచ్చుకునే దారి కూడా ఉండదు. అతని మోకాలు మెత్తగా కుంగుతుంది, వేగం పెరుగుతుంది, నడుం పైభాగం మాత్రం నిండుకుండలా తొణకదు. ఆమె వెనక్కి జారుతుంటే, ఆమె కాలు ఖాళీ చేసిన చోటే అతని కాలు వచ్చి పడుతుంది. చిన్నప్పుడు కూచిపూడి క్లాసులో అరమండి నిలపలేక తిట్లు తిన్న నాకు ఆ మోకాళ్ల విలువ కొంచెం తెలుసు.

1966లో జట్టు కట్టిన వీరు ఆరుసార్లు ప్రపంచ విజేతలయ్యారు. 1975లో అతనికి పెద్ద శస్త్రచికిత్స జరిగి ఆ ఏటి ప్రపంచ పోటీలు చేజారినా, మరుసటి ఏడాది ఇన్స్‌బ్రక్‌లో, ఐస్ డ్యాన్స్ ఒలింపిక్స్‌లోకి వచ్చిన తొలిసారే, స్వర్ణం వీరిదే అయింది. కోచ్ ఎలీనా చైకోవ్‌స్కయాతో కలిసి కూర్చిన టాంగో రొమాంటికా అనే నృత్యం తర్వాతి తరాల జంటలకు నిర్బంధ నృత్యమైంది, అంటే పోటీల్లో అందరూ ఒకే అడుగులతో చేయాల్సిన నృత్యమైంది.

ఆ తర్వాత 1994, 1998లలో వరుసగా రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన గ్రిషుక్, ప్లాతోవ్‌ల వీడియో పెట్టాను. ఆ వేగానికి నోరు తెరుచుకుంటుంది కానీ, నాకెందుకో కాసేపటికే అలసట వస్తుంది. మళ్లీ టాంగోకే వచ్చాను.

నాలుగున్నరకు అమ్మ లేచి, "ఏమే, వాళ్లకు మాట పడిపోయిందా?" అంటూ శబ్దం పెట్టించింది. మూడు క్షణాలు గడిచాయో లేదో, నా చూపు గోర్ష్కోవ్ పాదాలను వదిలేసి పఖోమోవా ముఖం మీదికి వెళ్లిపోయింది.