నాలుగు తీగల బాస్ గిటార్‌కు అయిదో తీగ: నా అనుభవం

మా ఆర్కెస్ట్రాలో మగ గాయకులు ఎక్కువగా ఒకటిన్నర శ్రుతిలోనో, రెండు శ్రుతిలోనో పాడతారు. అంటే పాశ్చాత్య స్వరాల్లో సి షార్ప్, డి. నాలుగు తీగల బాస్‌లో తీగలు కింది నుంచి ఇ, ఎ, డి, జి. అన్నిటికంటే కింది స్వరం ఇ. పల్లవి చివర పాట షడ్జమం మీద వచ్చి ఆగిన ప్రతిసారీ నేను కిందికి దిగలేక, ఎ తీగ మీద నాలుగో ఫ్రెట్టో అయిదో ఫ్రెట్టో (గిటార్ మెడ, అంటే నెక్ మీది అడ్డ లోహపు మెట్టు) పట్టుకుని పై స్థాయిలోనే వాయించేవాణ్ణి. తిరుపతి కల్యాణ మండపాల్లో రిసెప్షన్లకు వాయించే వాళ్లందరికీ ఈ ఇబ్బంది తెలుసు. డ్రమ్స్ బరువుగా పడుతుంటుంది, బాస్ మాత్రం పైన వేలాడుతుంటుంది.

ఇ తీగను డికి దించి వాయించవచ్చు. రెండు శ్రుతి పాటకు అది సరిపోతుంది, ఒకటిన్నరకు సరిపోదు. ఇంకో సులువైన దారి, అయిదు తీగల సెట్ కొని జి తీగ పక్కన పెట్టేసి బి, ఇ, ఎ, డి మాత్రమే కట్టుకోవడం. దానికి నట్‌లో (నెక్ చివర తీగలు ఆనే పట్టీ) గాడులు వెడల్పు చేసి, నెక్ సరిచేసుకుంటే పనైపోతుంది. కింది స్వరాలు మాత్రమే కావాలనుకునే వాళ్లకు నేను ఇప్పటికీ ఇదే చెబుతాను. కానీ నేను చరణాల మధ్య జి తీగ మీద చిన్న చిన్న సంగతులు వాయిస్తాను. వాటిని వదులుకోవడం ఇష్టం లేదు. కొత్త అయిదు తీగల బాస్ కొందామా అంటే, ఈ నెక్ నా చేతికి ఏళ్ల తరబడి అలవాటైపోయింది. అందుకే ఉన్నదాన్నే మార్చాలని నిర్ణయించుకున్నాను.

అయిదో తీగ అనగానే అందరూ కింది బి అనే అనుకుంటారు. ఫెండర్ కంపెనీ 1965లో తెచ్చిన బాస్ ఫైవ్‌లో మాత్రం అయిదో తీగ పైకి, సికి కట్టేవారు. నాకు కావలసింది కింది బి. దాని మొదటి ఫ్రెట్ సి, రెండోది సి షార్ప్, మూడోది డి. మా గాయకుల షడ్జమాలన్నీ వరసగా అక్కడే ఉన్నాయి.

పని మొదలుపెట్టే ముందు కాగితం మీద లెక్క వేసుకున్నాను. ఎవరు ఈ పని చేసినా ముందు ఇదే చేయాలి. నాది ఫెండర్ ప్రెసిషన్ బాస్ నమూనాలో చేసిన కాపీ. నట్ వెడల్పు 41 మి.మీ. రెండు అంచుల్లోనూ మూడేసి మి.మీ. వదిలితే 35 మిగులుతుంది. నేను ఎంచుకున్న సెట్‌లో జి 45, డి 65, ఎ 80, ఇ 100, బి 130. ఇవి తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. అయిదు తీగల మందం కలిపితే దాదాపు 10.7 మి.మీ. మిగిలిన చోటును నాలుగు సందులుగా పంచితే ఒక్కోటి 6 మి.మీ.కు కాస్త ఎక్కువ. నాలుగు తీగలున్నప్పుడు ఆ సందు 9 దాటి ఉండేది. ఇక్కడ ఒకటి గమనించాలి. ఒక్కో గాడి నడిమి బిందువును సమాన దూరంలో పెడితే బి, ఇ ఒకదానికొకటి తగులుతున్నట్టు, డి, జి దూరంగా ఉన్నట్టు అనిపిస్తుంది. తీగల అంచుల మధ్య ఖాళీ సమానంగా ఉండాలి.

బాడీ మీద తీగలు బిగించే బ్రిడ్జి దగ్గర మొదటి తీగ నుంచి చివరి తీగ వరకు 57 మి.మీ. ఇంతకుముందు తీగకు తీగకు 19 ఉండేది, ఇప్పుడు 14 చిల్లర. వేళ్లతో వాయించే నాకు ఇది సరిపోయింది. బొటనవేలితో స్లాప్ వాయించే వాళ్లకు మాత్రం ఇది కుదరదు, వాళ్లు వెడల్పాటి నెక్ ఉన్న అయిదు తీగల బాస్ కొనుక్కోవడమే మేలు.

హెడ్‌లో, అంటే నెక్ చివర తీగలు బిగించే మరలు (ట్యూనర్లు) ఉండే చోట, బెజ్జం వేయడం నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టిన పని. నాలుగు ట్యూనర్లూ పైవరసలో ఉన్నాయి. అయిదోది కింది వైపు రావాలి, అది ఎడమచేతి వాటం బాస్‌లకు వాడే ట్యూనర్ అయితేనే సరిగ్గా కూర్చుంటుంది. ఏర్పేడు దగ్గరి మాధవమాలలో చెక్క శిల్పాలు చెక్కే అన్న ఒకాయన నాకు తెలుసు. దేవుడి బొమ్మల కనుబొమ్మలు చెక్కే చేతికి ఈ పని అప్పగించాలనిపించింది. ఆయన హెడ్‌ను గోటితో తట్టి చూసి, "కట్టె శానా గట్టిగా ఉండాది సామీ. ఒక పక్క నుంచే బెజ్జం ఏస్తే అవతల పెచ్చు లేస్తాది. రెండు పక్కల నుంచీ ఏద్దాం" అన్నాడు. ముందు సన్న బెజ్జం ఆరపార వేసి, దాన్ని ఆధారం చేసుకుని ముందు నుంచి సగం, వెనక నుంచి సగం తొలిచాడు. అంచు కూడా చెదరలేదు. జి తీగ కింది ట్యూనర్‌కు వెళ్లింది, బి, ఇ, ఎ, డి పైకి వెళ్లాయి. ఇదివరకు డి, జి తీగలను కిందికి నొక్కిపట్టిన చిన్న క్లిప్పును ఇప్పుడు ఎ, డి మీదికి జరపాల్సి వచ్చింది.

ఇక తీగల మోతను ఆంప్‌కు పంపే అయస్కాంతపు భాగం, పికప్. ప్రెసిషన్ పికప్ రెండు ముక్కలుగా ఉంటుంది, ఒక్కో ముక్క రెండు తీగలకు. అదే వెడల్పులో అయిదు తీగలు వస్తే నడిమి ఎ తీగ సరిగ్గా రెండు ముక్కల సందులో పడుతుంది, మిగతావాటికంటే పలచగా వినిపిస్తుంది. అందుకే విడివిడి అయస్కాంతపు గుండ్లు కాకుండా, లోపల పొడవాటి పట్టీ ఉండే పికప్ తెప్పించాను. తీగ ఎక్కడున్నా దానికి ఒకటే. దానికోసం బాడీలో గుంత పెద్దది చేయాలి, అది కూడా ఆ అన్నే ఉలితో చేసిపెట్టాడు. పాత గుంత ఆకారం కనిపించకుండా కొత్త పిక్‌గార్డ్ (బాడీ మీద కప్పే పలక) కావలసి వచ్చింది. తిరుపతిలో సైన్‌బోర్డులు చేసే షాపులో నల్ల అక్రిలిక్ షీట్ మీద నేను గీసిచ్చిన అట్ట ప్రకారం కోయించాను.

బ్రిడ్జిగా ఒక్కో తీగకు విడిగా బిగించేవి తీసుకున్నాను, ఎందుకంటే దూరాలు నా లెక్క ప్రకారమే పెట్టుకోవచ్చు. వీటితో జాగ్రత్త పడాల్సింది గ్రౌండ్ వైర్ విషయంలో. పాత బ్రిడ్జి ఒకే రేకు కాబట్టి ఒక్క వైరుతో తీగలన్నీ గ్రౌండ్ అయ్యేవి. విడి బ్రిడ్జిల్లో ఏ ఒక్కటి కలవకపోయినా ఆ తీగ ముట్టుకోగానే ఆంప్‌లో గుయ్యిమనే శబ్దం మారిపోతుంది. అయిదింటి కిందా ఒకే రాగి రేకు పరిచి, గ్రౌండ్ వైరును దానికి టంకం పెట్టాను. నట్ నుంచి నెక్ రెండు అంచుల వెంబడి పూలు కట్టే దారం లాగి, తీగల దారి సరిచూసుకున్నాక గానీ స్క్రూ బెజ్జాలు వేయలేదు. స్కేల్, అంటే నట్ నుంచి బ్రిడ్జిలో తీగ ఆనే సాడిల్ దాకా పొడవు, 34 అంగుళాలు, అంటే 864 మి.మీ. జి దగ్గర సాడిల్ దాదాపు ఆ కొలతకే వస్తుంది, బి సాడిల్ ఇంకా కొన్ని మి.మీ. వెనక్కి వెళ్తుంది. అంత వెనక్కి జరిగే చోటు ఉండేలా బ్రిడ్జి బిగించుకోవాలి.

నట్ గాడులు తీయడానికి కంసాలులు వాడే గుండ్రటి సన్న ఆకురాళ్లు బాగా పనికొచ్చాయి. బి తీగ గాడి 3.3 మి.మీ. వెడల్పు. కొద్దికొద్దిగా రాకి, తీగ పెట్టి చూసి, మళ్లీ రాకాలి. గాడి హెడ్ వైపు కొంచెం వాలుగా ఉండాలి, లేకపోతే ఖాళీ తీగ జుయ్యిమంటుంది.

అయిదో తీగ నెక్‌ను ఇంకో 15 కిలోల దాకా లాగుతుంది. నెక్ వంపు సరిచేసే లోపలి కడ్డీని, ట్రస్ రాడ్‌ను, ఒకేసారి గట్టిగా తిప్పకూడదు. పావు తిప్పు తిప్పి, రాత్రంతా వదిలేసి, పొద్దున చూడాలి. మొదటి ఫ్రెట్, చివరి ఫ్రెట్ నొక్కిపట్టి ఏడెనిమిది ఫ్రెట్ల దగ్గర సందు చూస్తే నాకు 0.3 మి.మీ. దగ్గర హాయిగా ఉంది. తర్వాత ఇంటొనేషన్, అంటే అన్ని ఫ్రెట్లలోనూ శ్రుతి సరిగ్గా పలికేలా చూసుకోవడం. పన్నెండో ఫ్రెట్ దగ్గర హార్మోనిక్ (తీగను నొక్కకుండా తాకి పలికించే స్వరం), నొక్కిన స్వరం రెండూ శ్రుతి చూసే ట్యూనర్ యంత్రంలో ఒకేలా రావాలి. నొక్కిన స్వరం ఎక్కువగా వస్తే సాడిల్ వెనక్కి, తక్కువైతే ముందుకు.

బి అంటే 31 హెర్ట్జ్. ఇంట్లో చిన్న ఆంప్ అంత కిందికి పలకదు, మన చెవి వింటున్నది చాలావరకు దానితోపాటు మోగే పై హార్మోనిక్‌లనే. కాబట్టి ఇంట్లో విని నిరుత్సాహపడనక్కర్లేదు. స్టేజీ మీద సౌండ్ అన్నతో ముందే మాట్లాడి, బాస్ ఛానల్‌లో కింది శబ్దాలను కోసేసే లో కట్ ఉంటే తీసేయమని చెప్పాలి.

చేతి అలవాటు మార్చుకోవడానికి టైం పట్టింది. మిగతా తీగలు వాయిస్తుంటే బి తనంతట తాను మోగుతుంది. ఇప్పుడు కుడి బొటనవేలిని పికప్ మీద ఆనించకుండా, వాయిస్తున్న తీగకు పై తీగ మీద వాలుస్తూ జరుపుతున్నాను. మెల్లటి పాటలతో సాధన మొదలుపెట్టాను. వేగం పాటల్లో ఇంకా పాత పద్ధతిలో ఎ తీగ మీదకే చెయ్యి వెళ్తోంది. మా గాయకుడు ఒకటిన్నర శ్రుతిలో పాడే పాటల్లో మాత్రం పల్లవి ముగిసేచోట బి తీగ రెండో ఫ్రెట్ పట్టుకుంటున్నాను. మొదటిసారి విన్నప్పుడు డ్రమ్స్ వాయించే తమ్ముడు తల తిప్పి, "అన్నా, ఇది ముందే చేసుండాల్సింది" అన్నాడు.