మా ఇంటి సవొనరోలా

ఇటలీలోని ఫెర్రారాలో నేను కూరగాయలకి వెళ్ళే దారిలోనే ఉంటాడు సవొనరోలా. ఎస్తె రాజుల కోట పక్కన చిన్న కూడలి, మధ్యలో పాలరాతి సన్యాసి, రెండు చేతులూ పైకెత్తి ఎవరినో గట్టిగా కోప్పడుతున్నట్టు నిలబడి ఉంటాడు. ఏడేళ్ళుగా ఆ పక్కనుంచే సైకిల్ తొక్కుకుంటూ పోయాను గానీ (ఈ ఊళ్ళో సైకిల్ లేకపోతే కాళ్ళు లేనట్టే, ముసలమ్మలు కూడా బుట్టలో కూరలేసుకుని నన్ను దాటుకుపోతారు) ఆయనెవరో ఎప్పుడూ పట్టించుకోలేదు. మా పెద్దమ్మాయి ఐదో తరగతికి వచ్చాక, టీచరు పిల్లలకి ఊళ్ళో ఉన్న విగ్రహాలు తలా ఒకటి పంచితే మాకు ఈయన వచ్చాడు. మాకు అని ఎందుకన్నానో పిల్లలున్నవాళ్ళకి తెలుసు.

సరే, దగ్గరుండి చూసి రాసుకుంటే బాగుంటుందని ఓ ఆదివారం అందరం వెళ్ళాం. పెద్దది ఒక నిమిషం తలెత్తి చూసి, "అమ్మా, ట్యాబ్ లాక్కునేటప్పుడు నువ్వు అచ్చం ఇలాగే ఉంటావ్" అంది. చిన్నాడు పడీపడీ నవ్వాడు. మావారు నవ్వలేదు గానీ, నవ్వు ఆపుకోవడానికి ఆయన పడ్డ అవస్థ నాకు కనిపించింది.

నా సంగతి కూడా చెప్పాలి కదా. మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఒక బిస్కెట్ల డబ్బా ఉంటుంది. ఇంట్లో తెలుగే మాట్లాడాలన్నది రూలు, రోజుకి మూడుసార్లు ఇటాలియన్ దొర్లితే ఒక వస్తువు డబ్బాలోకి పోతుంది. అప్పటికి అందులో ఊదారంగు నెయిల్ పాలిష్, ఫుట్‌బాల్ ఆటగాళ్ళ స్టిక్కర్ల కట్ట, కార్నివాల్ పండగ మాస్కు ఒకటి, ఇంకా ఏవేవో ఉన్నాయి. కఠినంగా అనిపిస్తే అనిపించనీయండి. పెద్దది మెట్లెక్కుతూ "ఊనో, దూయె, త్రె" అని తనలో తాను లెక్కపెట్టుకోవడం ఒకరోజు విన్నాను. ఒకటి, రెండు, మూడు కాదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, తెల్లారి బిస్కెట్లు తీసేసి ఖాళీ డబ్బా ఫ్రిజ్ మీద పెట్టాను.

ఇక ప్రాజెక్టు మొదలైంది. 1452 సెప్టెంబరు 21న ఈ ఊళ్ళోనే పుట్టాడు, తాత ఎస్తె దర్బారులో పేరున్న వైద్యుడు, తర్వాత క్రైస్తవుల్లో డొమినికన్ అనే శాఖ సన్యాసి అయ్యి, ఫ్లోరెన్సులో సాన్ మార్కో మఠానికి పెద్ద అయ్యాడు. అక్కడి దాకా పిల్ల ఆవలిస్తూ రాసింది. 1497 ఫిబ్రవరి 7 దగ్గరికి వచ్చేసరికి మాత్రం నిటారుగా కూర్చుంది. కార్నివాల్ చివరి రోజు, సవొనరోలా మాట మీద కుర్రాళ్ళు గుంపులుగా ఇల్లిల్లూ తిరిగి అద్దాలు, విగ్గులు, అత్తర్లు, పేకముక్కలు, పాచికలు, వాయిద్యాలు, పుస్తకాలు, బొమ్మలు, అన్నీ పోగేసి ఫ్లోరెన్సులోని సిన్యోరియా కూడలిలో పెద్ద గుట్టగా పేర్చి తగలబెట్టారు. "మాస్కులు కూడానా?" అంది. మాస్కులు కూడా. ఫ్రిజ్ మీదికి ఓసారి చూసి మళ్ళీ రాసుకోవడం మొదలుపెట్టింది.

నాకు వెంటనే గుర్తొచ్చింది భోగి. తెనాలిలో మేమూ అలాగే గుంపుగా తిరిగేవాళ్ళం, ఇచ్చినవాళ్ళ దగ్గర తీసుకుని, ఇవ్వనివాళ్ళ గుమ్మంలో విరిగిన కుర్చీ కనిపిస్తే తెల్లవారుజామున మోసుకొచ్చేసి. పిల్లలకి ఉత్సాహంగా చెప్పాను, చూశారా, మనకీ ఉంది ఇలాంటిదే అని. ఇక్కడ మూడో అంతస్తు బాల్కనీలో ప్రమిద వెలిగించి అదే భోగి అనుకోమని చెప్పే తల్లికి ఇలాంటి పోలిక దొరికితే వదులుతుందా? పెద్దది కాసేపు ఆలోచించి, "కానీ మీరు విరిగినవి వేశారు. వీళ్ళు ఇష్టమైనవి వేశారు" అంది. పిల్లల్ని చదివించకూడదు.

ఆ మంట పెట్టిన పదిహేను నెలలకి అదే కూడలిలో ఆయన్నీ, ఇద్దరు తోటి సన్యాసుల్నీ ఉరితీసి, శవాల్ని తగలబెట్టి, బూడిద ఆర్నో నదిలో కలిపేశారు. 1498 మే 23. పిల్ల తీర్పు సింపుల్: అన్నీ లాగేసుకుంటే ఎవరు ఊరుకుంటారు? నాకెందుకో ఆయన పక్షాన మాట్లాడాలనిపించింది, ఎందుకో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. పోపు ఆరో అలెగ్జాండరు అవినీతిని బాహాటంగానే తిట్టినవాడమ్మా, నోరు మూసుకోమంటే మూసుకోలేదు, మతం నుంచి వెలేసినా వెనక్కి తగ్గలేదు, ఫ్లోరెన్సుని ఏలుతున్న మెదిచీ కుటుంబం 1494లో ఊరు వదిలిపోయాక పాలనలో ఎక్కువమందికి చోటుండాలని పట్టుబట్టినవాడు అని చెప్పుకుంటూ పోయాను. "మరి మంచోడా, చెడ్డోడా?" నేను రామాయణం చెప్పినా అదే అడుగుతుంది, అక్కడైతే టక్కున చెప్పేస్తాను. ఇక్కడ నోరు రాలేదు.

ఫ్లోరెన్సులో ఏటా మే 23న ఆయన కోసం ఫియొరీతా చేస్తారు, అంటే పూలు చల్లడం. ఆ ఏడు శనివారం పడింది, బొలోన్యా మీదుగా రైల్లో వెళ్ళాం. సిన్యోరియా కూడలిలో నెప్ట్యూన్ ఫౌంటెన్‌కి ఎదురుగా నేలలో ఒక గుండ్రటి రాయి ఉంటుంది, మామూలు రోజుల్లో టూరిస్టులు దాని మీదే నిలబడి ఐస్‌క్రీం తింటారు. ఆరోజు మాత్రం దాని నిండా గులాబీ రేకులు, చుట్టూ పాతకాలం దుస్తుల్లో డప్పులవాళ్ళు, తెల్ల అంగీల మీద నల్ల పైవస్త్రాలు కప్పుకున్న సన్యాసులు. పెద్దది ఒంగి రేకులు పక్కకి జరిపి, రాతి మీద అక్షరాలు చదివి నాకు తెలుగులో చెప్పింది: "అన్యాయపు తీర్పుతో" ఉరితీసి కాల్చారని రాశారట. నాలుగు శతాబ్దాలు గడిచాక పెట్టిన రాయి అని కూడా దాని మీదే ఉంది. "వాళ్ళే చంపి, వాళ్ళే సారీ చెప్పారా?" అన్నాడు చిన్నాడు. ఆ సారీ ఇటాలియన్‌లో అన్నాడు, నేను లెక్కపెట్టలేదు.

రాత్రి వీడియో కాల్‌లో ఫోటోలు చూపిస్తే మా అమ్మకి ఉరి, మంట ఏవీ పట్టలేదు. "సన్యాసంలోకి ఎట్లా వెళ్ళాడే?" అని అడిగింది. చెప్పాను. ఇరవై రెండేళ్ళప్పుడు, 1475 ఏప్రిల్ 24న, ఊరంతా సాన్ జోర్జో పండగలో ఉంటే ఇంట్లో ఎవరికీ చెప్పకుండా బొలోన్యా మఠానికి వెళ్ళిపోయాడు, మర్నాడు అక్కణ్ణుంచి తండ్రికి ఉత్తరం రాశాడు, అమ్మని ఓదార్చమని. బొలోన్యా మాకు రైల్లో అరగంట.

అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు, నెట్ పోయిందేమో అనుకున్నాను.

"పాపం ఆ తల్లి," అంది. "నువ్వు నయమే, చెప్పి వెళ్ళావు."

వెనకాల కుర్చీ జరిపిన చప్పుడు. పెద్దది ఫ్రిజ్ మీద డబ్బా అందుకుంటోంది. నేను చూడనట్టే ఊరుకుని, వాళ్ళ అమ్మమ్మకి ఆర్నో నది ఫోటోలు చూపిస్తూ కూర్చున్నాను.